స్టాక్‌హోమ్‌లో తెలుగు ఏడాది

విజయవాడ పటమట భూమధ్యరేఖకు ఉత్తరంగా పదహారున్నర డిగ్రీల దగ్గర ఉంటే, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ 59 డిగ్రీలు దాటాక వస్తుంది. పటమటలో ఏడాది మొత్తంలో అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ తేడా సుమారు రెండు గంటలు. స్టాక్‌హోమ్‌లో ఆ తేడా పన్నెండున్నర గంటలు. జూన్ మూడో వారంలో అక్కడ తెల్లవారుజామున మూడున్నరకే పొద్దు పొడుస్తుంది, రాత్రి పది దాటితే గానీ కుంకదు. డిసెంబరు మూడో వారంలో ఉదయం ఎనిమిదీ ముప్పావుకు ఉదయించిన సూర్యుడు మధ్యాహ్నం మూడు కాకముందే అస్తమిస్తాడు. సూర్యుడు ఆకాశంలో ఎక్కే ఎత్తులోనూ అంతే తేడా. స్టాక్‌హోమ్‌లో నడి వేసవి మిట్టమధ్యాహ్నం సూర్యుడు 54 డిగ్రీల ఎత్తుకు చేరతాడు. పటమటలో సంక్రాంతి రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు ఇంచుమించు అంతే. డిసెంబరులో స్టాక్‌హోమ్ సూర్యుడి ఎత్తు ఏడు డిగ్రీలే కాబట్టి ఎదుటి మేడ అడ్డొస్తే చాలు, ఆ రోజుకు ఇక కనిపించడు.

కృష్ణా డెల్టాలో ఏడాదిని చెప్పేవి ఎండ, వాన, కాలువ నీళ్లు. మే నెల ఎండకు జనం ఇళ్లలోంచి కదలరు. వానలు పడి, ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వదిలాక ఊళ్లలో కదలిక వస్తుంది. అయితే ఏ నెలలోనైనా ఆరింటికి అటూ ఇటూగా తెల్లారుతుంది, మళ్లీ ఆరింటికి అటూ ఇటూగా చీకటి పడుతుంది. స్టాక్‌హోమ్‌లో కాపురం పెట్టిన తెలుగు కుటుంబానికి ఈ భరోసా ఉండదు. నిద్ర, వంట, పిల్లల ఆటలు, సెలవులు, పండగలు, ఊరి నుంచి అమ్మానాన్నల రాక, అన్నిటినీ అక్కడ వెలుతురును బట్టి సర్దుకోవాలి.

ఎవరు, ఎందుకు వెళ్లారు

స్వీడన్‌కు తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లడం ఈ శతాబ్దపు మాట. దానికి దారి వేసింది చదువు. 2011 శరదృతువు దాకా యూరప్ బయటి విద్యార్థులకు కూడా స్వీడన్ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదు. జేఎన్‌టీయూతో ఒప్పందం ఉండటంతో దక్షిణ తీరాన కార్ల్‌స్‌క్రోనాలోని బ్లెకింగే సాంకేతిక విద్యాసంస్థ తెలుగు ఇంజినీరింగ్ కాలేజీల్లో బాగా తెలిసిన పేరైంది. పటమట పక్కనే కానూరులో 1977లో మొదలైన సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీ లాంటివి ఏటా పట్టభద్రులను తయారు చేస్తున్న రోజులవి. మాస్టర్స్ పూర్తయ్యాక ఉద్యోగం కోసం స్టాక్‌హోమ్ చేరడం వాళ్లలో చాలామంది పట్టిన దారి.

నగరానికి వాయవ్యంగా ఉన్న కిస్టా ఈ ఉద్యోగాలకు కేంద్రం. 1876లో పుట్టిన టెలికాం సంస్థ ఎరిక్సన్ ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది. మన దేశపు ఐటీ కంపెనీలు స్వీడన్ బ్యాంకులకు, వాహన సంస్థలకు, దుకాణాల గొలుసులకు పనిచేస్తూ హైదరాబాద్, చెన్నై, బెంగళూరు నుంచి మనుషులను పంపడంతో రెండో దారి తెరుచుకుంది. కిస్టా మెట్రో స్టేషన్ చుట్టుపక్కల తెలుగు మాట చెవిన పడటం ఇప్పుడు వింత కాదు.

ఎండ దేశం నుంచి ఉత్తరానికి వచ్చినవాళ్లు మనవాళ్లే కాదు. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత ఉద్యోగాలు కరువై స్పెయిన్ యువత కూడా ఉత్తర యూరప్ బాట పట్టింది. మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రి భోజనం తొమ్మిది దాటాక చేసే అలవాటున్న స్పెయిన్ వాళ్లకు, పదకొండున్నరకే లంచ్‌కు లేచే స్వీడన్ ఆఫీసు మనకెంత కొత్తో అంత కొత్త. డిసెంబరు చీకటి మీద ఇద్దరి ఫిర్యాదూ ఒకటే. తేడా అంతా కాగితాల్లో ఉంది. స్పెయిన్ పౌరుడు యూరోపియన్ యూనియన్ హక్కుతో వచ్చి ఉద్యోగం వెతుక్కోవచ్చు. తెలుగు ఇంజినీరుకు ముందు ఉద్యోగం, ఆపైన వర్క్ పర్మిట్ ఉండాలి. ఈ పర్మిట్‌కు ఒకప్పుడు నెలకు 13,000 క్రోనర్ల జీతం సరిపోయేది. 2023 నవంబరు 1 నుంచి దేశపు మధ్యస్థ వేతనంలో కనీసం 80 శాతం ఉండాలన్న నియమం వచ్చింది.

శరత్తు: కాగితాలు, పుట్టగొడుగులు

కొత్తగా వచ్చేవాళ్లలో చాలామంది ఆగస్టు, సెప్టెంబరుల్లో దిగుతారు. విశ్వవిద్యాలయాలు, బడులు అప్పుడే తెరుస్తారు. దిగగానే మొదటి పని పన్నుల శాఖ కార్యాలయానికి వెళ్లి వ్యక్తిగత గుర్తింపు సంఖ్యకు దరఖాస్తు చేయడం. ఆ సంఖ్య చేతికి వస్తేనే బ్యాంకు ఖాతా, దాంతో ఫోన్‌లో పనిచేసే బ్యాంక్ ఐడీ, దాంతో స్విష్ చెల్లింపులు వస్తాయి. నోట్లు తీసుకోని దుకాణాలు చాలా ఉన్న నగరంలో ఇవేవీ లేకుండా గడిపే మొదటి వారాలు చాలా పొడవుగా తోస్తాయి. ఇల్లు దొరకడం అంతకంటే కష్టం. నియంత్రిత అద్దెకు వచ్చే ఫ్లాట్ల కోసం ఉమ్మడి వరుసలో పేరు నమోదు చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఈలోగా అద్దెకున్నవారి దగ్గరే మళ్లీ అద్దెకు దిగుతూ, ఏడాదికో ఇల్లు మారడం మామూలు.

స్వీడన్‌లో ఋతువు మారిందని చెప్పేది క్యాలెండరు కాదు, ఉష్ణమాపకం. రోజు సగటు ఉష్ణోగ్రత వరుసగా ఐదు రోజులు పది డిగ్రీల కంటే తగ్గితే శరత్తు వచ్చినట్టు. వరుసగా ఐదు రోజులు సున్నా దగ్గరో అంతకంటే కిందో ఉంటే శీతాకాలం. ఫిబ్రవరి నడిమి తర్వాత వరుసగా ఏడు రోజులు సున్నాకు పైన నిలిస్తే వసంతం. ఐదు రోజులు పదికి తగ్గకపోతే వేసవి. అందుకే ఒక్కో ఊరికి ఒక్కో తేదీన ఋతువు వస్తుంది. కొన్ని ఏళ్లలో దక్షిణ తీరానికి శీతాకాలం అసలు రానట్టే లెక్క. ఉత్తరాన రెయిన్‌డీర్‌ను మేపుకునే సామీ ప్రజలకైతే ఋతువులు ఎనిమిది, మనకంటే రెండెక్కువ.

సెప్టెంబరు అడవికి వెళ్లే నెల. ఎవరి భూమిలోనైనా, ఇంటి ఆవరణకూ పైరుకూ హాని చేయకుండా, నడవడానికీ కాయలూ పుట్టగొడుగులూ ఏరుకోవడానికీ అందరికీ హక్కుంది. దాన్ని రాజ్యాంగమే గుర్తించింది. పసుపు రంగు చాంటరెల్ పుట్టగొడుగు కోసం స్వీడన్ వాళ్లు బుట్టలతో బయల్దేరితే, కొత్తవాళ్లు విషపు రకాలేవో తెలిసిన సహోద్యోగి వెంట వెళ్తారు. వినాయక చవితి సాధారణంగా ఈ రోజుల్లోనే వస్తుంది. మట్టి వినాయకుణ్ణి ఇంట్లోనే చేసుకుని, ఇరవై ఒక్క రకాల పత్రిలో దొరికినవి పార్కులో ఏరి, నిమజ్జనం బకెట్‌లో కానిస్తారు. దసరా నాటికి బర్చ్ ఆకులు పసుపెక్కుతాయి. బొమ్మల కొలువులో కొండపల్లి బొమ్మలు పేర్చిన ఇల్లాలు ఇంద్రకీలాద్రి అలంకారాలను ఫోన్‌లో చూస్తుంది.

అక్టోబరు చివరి ఆదివారం గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. భారతదేశంతో తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నరకు పెరుగుతుంది. సాయంత్రం ఐదుకు ఆఫీసు నుంచి వచ్చి ఫోన్ చేస్తే పటమటలో రాత్రి తొమ్మిదిన్నర. మాట్లాడే వేళలను శీతాకాలంలో మరో గంట ముందుకు జరుపుకోవాలి. దీపావళికి టపాసులు కాల్చాలన్నా చట్టం చూసుకోవాలి. కర్రకు కట్టిన రాకెట్లు వదలడానికి 2019 జూన్ నుంచి అనుమతి కావాలి. ప్రమిదలకు మాత్రం ఇంతకంటే మంచి కాలం దొరకదు. కార్తీకమంతా సాయంత్రం నాలుగింటికే చీకటి.

చీకటి నెలలు

మంచు పడని నవంబరు అన్నిటికంటే కష్టమైన నెల. ఆకులు రాలిన చెట్లు, తడిసిన రోడ్లు, మబ్బు. మంచు పడ్డాక దాని తెలుపు వీధి దీపాల వెలుతురును తిప్పికొట్టడంతో ఊరు కాస్త తేటబడుతుంది. జనవరిలో స్టాక్‌హోమ్ సగటు ఉష్ణోగ్రత సున్నాకు కాస్త కిందే ఉంటుంది. మైనస్ పది, పదిహేనుకు పడే రోజులూ వస్తాయి. ఇళ్లలో మాత్రం చలి ఉండదు. కిటికీలకు రెండు, మూడు పొరల అద్దాలుంటాయి. నగరమంతటికీ ఒకే చోట కాచిన వేడినీటిని గొట్టాల ద్వారా పంపి గదులను ఇరవై, ఇరవై ఒక్క డిగ్రీల దగ్గర ఉంచుతారు. హీటర్లు లేని విజయవాడ ఇంట్లో డిసెంబరు తెల్లవారుజామున వేసే వణుకు అక్కడ ఇంట్లో తెలియదు. గాలి పొడిబారి చర్మం పగలడమే అసలు ఇబ్బంది. కొబ్బరినూనె సీసా చలికాలమంతా స్నానాల గదిలో గడ్డకట్టే ఉంటుంది.

బట్టల లెక్క వేరు. లోపల ఊలు, పైన మరో పొర, ఆపైన గాలి, తడి చొరబడని కోటు. కిండర్‌గార్టెన్ పిల్లలకు మెడ నుంచి పాదం దాకా ఒకే తొడుగు. చీకట్లో కార్ల వెలుగుకు మెరిసే రిఫ్లెక్టర్ పట్టీలు పెద్దలూ తగిలించుకుంటారు. ఎంత చలైనా పిల్లలను రోజూ బయట ఆడిస్తారు. పసివాళ్లను తోపుడు బండిలో వెచ్చగా చుట్టి ఆరుబయట నిద్రపుచ్చడం చూసి, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మలు ఉలిక్కిపడతారు. రోడ్ల మీద జారకుండా సన్న కంకర చల్లుతారు. మేడల అంచున వేలాడే మంచు కడ్డీలు పడతాయని కింద హెచ్చరిక బోర్డులు పెడతారు. మంచు రోడ్ల మీద కార్లకు డిసెంబరు నుంచి మార్చి దాకా శీతాకాలపు టైర్లు తప్పనిసరి.

అక్టోబరు నుంచి మార్చి దాకా అక్కడి ఎండలో చర్మం విటమిన్ డి తయారుచేసుకోలేదు. పసిపిల్లలకు రెండేళ్లు వచ్చేదాకా డి చుక్కలు వేయమంటారు. తక్కువ కొవ్వున్న పాలల్లో ఆ విటమిన్ కలపాలని చట్టమే ఉంది. ఒళ్లు చామనచాయగా ఉన్నవారికి ఎండ మరింత కావాలి కాబట్టి దక్షిణాది వాళ్లు ఈ లోటు సంగతి త్వరగానే తెలుసుకుంటారు. మనసు దిగులుపడటం ఈ కాలపు మరో సమస్య. మధ్యాహ్నం లంచ్ వేళ అరగంట బయట నడవడం, ఇండోర్ బ్యాడ్మింటన్, వారాంతాల్లో ఒకరింట్లో ఒకరు కలిసి వండుకోవడం తెలుగు కుటుంబాలు కనిపెట్టుకున్న మందులు. స్వీడన్ వాళ్లు ఊరంతా కిటికీల్లో విద్యుత్ కొవ్వొత్తుల వరుసలు పెడతారు. డిసెంబరు 13న లూసియా పండగకు బడుల్లో పిల్లలు తెల్ల గౌన్లు తొడుక్కుని, తల మీద దీపాల కిరీటం ఉన్న అమ్మాయి ముందు నడవగా పాటలు పాడతారు. ఆ వరుసలో తెలుగు పిల్లలూ ఉంటారు.

జనవరి 13తో స్వీడన్‌లో క్రిస్మస్ అలంకరణలు తీసేస్తారు. ఆ వెంటనే మన భోగి. పెద్ద మంట వేయడానికి వీలు లేదు, గాలిపటానికి వేళ్లు కొంకర్లు పోతాయి. గడప లోపల చిన్న ముగ్గు, పిల్లల తల మీద భోగిపళ్ల బదులు ద్రాక్ష, చాక్లెట్లు, రాత్రికి అరిసెల పాకం పట్టిన ఇంట్లో అందరి భోజనం. పండగ రోజు మూడున్నర కాకముందే పొద్దు కుంకుతుంది.

వసంతం

మార్చిలో పగలు రోజుకు ఐదు నిమిషాలకు పైగా పెరుగుతుంది. వారానికి అరగంటకు మించి వెలుతురు కలుస్తుంటే ఊరి మనుషుల నడకే మారుతుంది. కేఫ్‌ల బయట కుర్చీలు వేస్తారు. వేడి ఇంకా ఐదు డిగ్రీలే ఉన్నా జనం దుప్పట్లు కప్పుకుని ఎండకు ముఖం పెట్టి కూర్చుంటారు. కాలిబాటల మీది కంకరను మునిసిపాలిటీ బండ్లు ఊడ్చేస్తాయి.

ఉగాది ఈ సందులో వస్తుంది. 2025లో ఉగాది, గడియారాలను గంట ముందుకు తిప్పే రోజు ఒకే ఆదివారం, మార్చి 30న పడ్డాయి. వేపపువ్వు ఊరి నుంచి ఎండబెట్టి తెచ్చుకున్నదే. మామిడికాయ ఆసియా దుకాణాల్లో దొరుకుతుంది. ఉదయ తిథిని బట్టి పండగ కాబట్టి స్టాక్‌హోమ్ సూర్యోదయానికి గణించిన పంచాంగం చూడాలి. ఒక్కోసారి పండగ రోజు విజయవాడతో ఒక రోజు తేడాగా వస్తుంది. అప్పుడు ఫోన్‌లో అమ్మ చెప్పిన రోజే చాలా ఇళ్లలో ఖాయం.

ఏప్రిల్ చివర్లో కుంగ్‌స్ట్రేడ్‌గోర్డెన్ పార్కులో చెర్రీ చెట్లు గులాబీ రంగు పూలు పూస్తాయి. ఏప్రిల్ 30 రాత్రి వాల్‌బోర్గ్ పేరుతో దేశమంతా పెద్ద మంటలు వేసి వసంతాన్ని ఆహ్వానిస్తారు. సంక్రాంతికి వేయలేకపోయిన భోగిమంట తీరు అప్పుడు చూడొచ్చు. బర్చ్ పుప్పొడి ఎగిరే మే నెల అలర్జీ ఉన్నవారికి గడ్డు కాలం.

వేసవి: వెలుతురు పంట

వేసవిలో స్టాక్‌హోమ్ పగటి వేడి ఇరవై, ఇరవై ఐదు డిగ్రీల మధ్య ఉంటుంది. ముప్పై దాటితే పత్రికల్లో వార్త. రాత్రి పూర్తిగా చీకటి పడదు. పిల్లలను పడుకోబెట్టడానికి వెలుతురు చొరని నల్ల తెరలు దించాలి. కృష్ణా డెల్టా రైతు తన వంతు కాలువ నీళ్లు వచ్చినప్పుడు నిద్ర మానుకుని మడి తడుపుకున్నట్టే, స్వీడన్ వాళ్లు ఈ మూడు నెలలూ ఒక్క సాయంత్రాన్ని వదులుకోరు. ఏడాదికి 25 రోజుల జీతపు సెలవు చట్టం ఇచ్చిన హక్కు. జూన్, ఆగస్టుల మధ్య వరుసగా నాలుగు వారాలు తీసుకునే హక్కు కూడా ఉంది. దాంతో జులైలో ఆఫీసులు బోసిపోతాయి. ఆ నెలలో ఏ ఫైలూ కదలదని కొత్తవాళ్లు ఒక్క ఏడాదిలో గ్రహిస్తారు.

జూన్ 19, 25 మధ్య వచ్చే శుక్రవారం మిడ్‌సమ్మర్ వేడుక. ఆకులు, పూలతో చుట్టిన నిలువు దూలం చుట్టూ నాట్యం చేస్తారు. కొత్త బంగాళదుంపలు, ఊరవేసిన హెర్రింగ్ చేప, స్ట్రాబెర్రీలు తింటారు. 1891లో ఏర్పాటైన స్కాన్సెన్ ఆరుబయలు మ్యూజియంలో ఈ పండగ చూడటానికి వచ్చే జనంలో చీరలూ కనిపిస్తాయి. పద్నాలుగు ద్వీపాల మీద కట్టిన నగరం కాబట్టి మెట్రో దిగి నడిచే దూరంలోనే ఈతకు దిగే రేవులుంటాయి. జులై నెలాఖరుకు అడవిలో బ్లూబెర్రీలు, ఆపైన పుల్లటి లింగన్ కాయలు పండుతాయి. మైదానాల్లో తెలుగు కుర్రాళ్లు క్రికెట్ ఆడేదీ ఈ నెలల్లోనే.

వంటిల్లు, సూట్‌కేసు

బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టిన సాంబ మసూరి కుటుంబపు బియ్యం, కందిపప్పు, ఎండుమిర్చి భారతీయ దుకాణాల్లో దొరుకుతాయి. కిస్టా, రింకెబీ వైపు దుకాణాల్లో బెండకాయ, దొండకాయ కూడా ఉంటాయి. తాజా గోంగూర అరుదు. ఆ లోటు రూబార్బ్ తీరుస్తుంది. మేలో పెరళ్లలో విరివిగా పెరిగే ఈ పుల్లటి కాడలతో పప్పు, పచ్చడి చేయడం ఉత్తర దేశాల తెలుగు వంటిళ్లలో అలవాటైంది. వెన్న నాణ్యమైనది కాబట్టి నెయ్యి ఇంట్లోనే కాస్తారు. చలికాలంలో పెరుగు తోడుకోవాలంటే గిన్నెను దీపం వెలిగించిన ఓవెన్‌లో పెట్టాలి.

ఊరి నుంచి తెచ్చుకునేవాటికి యూరోపియన్ యూనియన్ హద్దులు గీసింది. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు, మాంసంతో చేసినవి సామానులో తేకూడదు. 2019 డిసెంబరు నుంచి తాజా పండ్లు, కూరగాయలు, కరివేపాకు తేవాలంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, డురియన్‌లకే మినహాయింపు. అందుకే నూజివీడు చిన్న రసాలు సూట్‌కేసు ఎక్కవు. ఆవకాయ, పొడులు, వడియాలు, అప్పడాలు ఎక్కుతాయి.

అపార్ట్‌మెంట్‌లో బట్టలు ఉతకడానికి కింది అంతస్తులో ఉమ్మడి యంత్రాల గది ఉంటుంది. ముందుగా వేళ నమోదు చేసుకుని, పని కాగానే శుభ్రం చేసి రావాలి. ఇరుగుపొరుగుతో తగవులకు ఈ గదే ప్రసిద్ధి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పే అలవాటు మాత్రం స్వీడన్ ఇళ్లలోనూ ఉంది. ఆఫీసులో డైరెక్టరునైనా పేరుతోనే పిలుస్తారు. రోజుకు రెండుసార్లు అందరూ కూర్చుని కాఫీ తాగే ఫీకా విరామానికి రాకపోతే కలుపుగోలుతనం లేదనుకుంటారు.

పిల్లలు, సెలవులు

బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల భృతి సెలవు వస్తుంది. అందులో 90 రోజులు తండ్రి, 90 రోజులు తల్లి ఎవరివి వారే వాడుకోవాలి. తోపుడు బండి తోస్తూ పార్కుల్లో తిరిగే తండ్రులు స్టాక్‌హోమ్ వీధుల్లో మామూలు దృశ్యం. తెలుగు తండ్రులకూ అది అలవాటవుతోంది. ఏడాది నిండిన పిల్లలను కిండర్‌గార్టెన్‌లో చేర్చుకుంటారు, నెల ఫీజుకు గరిష్ఠ పరిమితి ఉంది. బడిలో మాతృభాష నేర్చుకునే వీలు చట్టంలో ఉంది. ఒక పురపాలక పరిధిలో కనీసం ఐదుగురు పిల్లలు కోరి, తగిన టీచరు దొరికితే ఆ భాష పాఠాలు పెట్టాలి. తెలుగుకూ ఆ అవకాశం వర్తిస్తుంది.

సెలవులే కుదరవు. ఆంధ్రప్రదేశ్‌లో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారంలో ముగుస్తాయి. స్వీడన్ బడులు మూసేది సరిగ్గా ఆ రోజుల్లోనే, తిరిగి తెరిచేది ఆగస్టు నడుమ. క్రిస్మస్ సెలవులు జనవరి మొదటి పది రోజుల్లో అయిపోతే, సంక్రాంతి సెలవులు ఆ తర్వాత మొదలవుతాయి. మేనత్త, మేనమామ పిల్లలు కలిసి ఆడుకునే రోజులు ఏడాదిలో వేళ్ల మీద లెక్కపెట్టాల్సినన్ని. జులైలో పటమట వెళ్లిన పిల్లలకు బడికి వెళ్లిపోయే బావలు సాయంత్రాలే దొరుకుతారు.

అమ్మానాన్నల రాకకూ ఒక హద్దుంది. షెంగెన్ విజిటర్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు. ఆ మూడు నెలలు మే నుంచి ఆగస్టు మధ్యలో పడేలా చూసుకుంటారు. విజయవాడ ఎండ తప్పుతుంది, స్టాక్‌హోమ్ చలి ఎదురుపడదు. పురుడు శీతాకాలంలో వస్తే మాత్రం ఈ లెక్క చెల్లదు. ఉదయం ఎనిమిదైనా చీకటిగా ఉండే ఇంట్లో, మాట కలిపే పొరుగు లేక, పెద్దవాళ్లు టీవీ సీరియళ్ల వేళలతో రోజు నడుపుకుంటారు.

ఉండిపోవడం, వచ్చేయడం

నాలుగేళ్లు వర్క్ పర్మిట్ మీద పనిచేసినవారు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. స్వీడన్ 2001 నుంచి రెండు పౌరసత్వాలను ఒప్పుకుంటుంది. భారత్ ఒప్పుకోదు. స్వీడన్ పాస్‌పోర్టు తీసుకున్నవారు భారత పాస్‌పోర్టు అప్పగించి ఓసీఐ కార్డుతో ఊరికి వస్తారు. తిరిగి వచ్చేసేవారూ పెరిగారు. 2024 మొదటి ఆరు నెలల్లో స్వీడన్‌కు వచ్చిన భారతీయుల కంటే అక్కడి నుంచి వెళ్లిపోయిన భారతీయులే ఎక్కువని ఆ దేశ గణాంక సంస్థ లెక్కలు చూపాయి. టెలికాం, ఐటీ రంగాల్లో ఉద్యోగాల కోత, పెరిగిన ఖర్చులు, బిగిసిన పర్మిట్ నియమాలు అందుకు కారణాలుగా చెప్పుకొన్నారు.

చలికి కోటుంది, చీకటికి దీపముంది, గోంగూరకు రూబార్బ్ ఉంది. పెద్దవాళ్లను శాశ్వతంగా దగ్గర పెట్టుకునే దారి మాత్రం దాదాపు లేదు. వయసు మళ్లిన తల్లిదండ్రులకు, పూర్తిగా పిల్లల మీదే ఆధారపడ్డ అరుదైన సందర్భాల్లో తప్ప, స్వీడన్ నివాస అనుమతి ఇవ్వదు. ఉండిపోవాలా, వచ్చేయాలా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో పిల్లలు బడిలో నిలదొక్కుకున్నాక, పటమటలో నాన్నకు డెబ్బై దాటాక గట్టిగా ఎదురవుతుంది.